హెవీ లైసెన్సుకు లారీ గురించి కూడా ప్రశ్నలు అడగాలి

సంపాదకులకు నమస్కారం.

ఘాట్‌లో లారీ బోల్తా పడినప్పుడల్లా పేపర్లో ఒకే మాట కనిపిస్తుంది: ‘బ్రేకులు ఫెయిల్ కావడంతో అదుపు తప్పి’. నేను 34 ఏళ్లుగా లారీ తోలుతున్నాను. కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్ ఎన్నిసార్లు ఎక్కి దిగానో లెక్క లేదు. నేను చూసినంతలో అక్కడ పొగలు కక్కుతూ నిలబడిన బండ్లలో బ్రేకు సామాను విరిగినవి తక్కువ. పైనుంచి కిందిదాకా బ్రేకు మీద కాలు తీయకుండా దిగి, చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు లైనర్లు కాలిపోయి పట్టు వదిలేసినవే ఎక్కువ. అలా దిగకూడదని ఆ డ్రైవర్లకు ఎవరూ చెప్పి ఉండరు. లైసెన్సు ఇచ్చేటప్పుడు ఎవరూ అడగలేదన్నది మాత్రం ఖాయం.

ఈ ఉత్తరం రాయడానికి కారణం మా అక్క కొడుకు. కాలిఫోర్నియాలో ఒక హోటల్లో పని చేసేవాడు, గ్రీన్ కార్డు ఉంది. ఆ పని మానేసి లారీ డ్రైవరు కావాలనుకున్నాడు. అక్కడ స్టీరింగు ముట్టుకోకముందే రాత పరీక్ష పాస్ కావాలి. దానికి రవాణా శాఖవాళ్లే పుస్తకం ఇస్తారు. రాత్రి డ్యూటీ దిగి చదువుకుంటూ, అర్థం కానిది వస్తే నాకు ఫోన్ చేసేవాడు. మనకు అప్పుడు పొద్దున. నేను ఎర్రగుంట్లలో సిమెంటు లోడింగు లైన్లో ఉండేవాణ్ని.

ఒకరోజు అడిగాడు: “మామా, ఎయిర్ బ్రేకుల్లో గాలి తగ్గితే వార్నింగు ఎప్పుడు రావాలి?”

“ముల్లు ఎర్ర గీతలోకి వస్తే వస్తుందిరా” అన్నాను.

“అట్ల కాదు మామా, అంకె అడుగుతారు. 55 పౌండ్లకు పడకముందే రావాలంట. ఇంకా తగ్గి 45, 20 మధ్యకు వచ్చిందంటే స్ప్రింగు బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయంట.”

ఇవి గాలి ఒత్తిడి అంకెలు: చదరపు అంగుళానికి 55 పౌండ్లంటే, మన మీటరు లెక్కలో చదరపు సెంటీమీటరుకు నాలుగు కేజీలకు కాస్త తక్కువ. ఇన్నేళ్లుగా రోజూ ఆ ముల్లు చూస్తున్నాను, ఆ అంకె మాత్రం నాకు తెలియదు. రోజూ ఎయిర్ ట్యాంకు అడుగున చేరిన నీళ్లు ఎందుకు వదలాలో కూడా వాడి పుస్తకంలో ఉంది. నాకు మా పాత డ్రైవరు ‘వదలరా’ అన్నాడు, వదిలాను. కారణం చెప్పలేదు, నేను అడగలేదు.

అన్నిటికంటే నన్ను పట్టి కుదిపింది గేరు సంగతి. మా తరం డ్రైవర్లందరం నేర్చుకున్న సూత్రం ఒకటుంది. ఘాట్ ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలి. నేను దాన్నే నమ్మాను, నా దగ్గర పని చేసిన కిలీనర్లందరికీ అదే చెప్పాను. మా వాడి పుస్తకంలో ఆ సూత్రం పాత బండ్లకే అని ఉందట. ఇప్పటి లారీల్లో ఇంజను బలం పెరిగింది, లోపలి రాపిడి తగ్గింది, బాడీ గాలిని చీల్చుకుని పోతుంది. అందువల్ల ఎక్కేటప్పుడు పై గేరులోనే ఎక్కేస్తుంది, దిగేటప్పుడు దొర్లే బండిని ఇంజనూ గాలీ మునుపటంతగా పట్టి ఆపవు. ఎక్కిన గేరు కంటే ఇంకా కింది గేరు కావాల్సి రావచ్చు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆలోచించాను. కొత్త బండి తీసుకున్నప్పటి నుంచి దిగుడులో బ్రేకు ఎక్కువ వాడాల్సి వస్తోందని నాకూ అనిపిస్తూనే ఉంది. కంపెనీ తేడా అనుకున్నాను. 57 ఏళ్ల వయసులో, పరీక్షకు చదువుకునే పిల్లాడి ద్వారా అసలు సంగతి తెలిసింది.

బ్రేకు ఎలా వేయాలో కూడా అడుగుతారట. ముందే తగిన గేరులో పెట్టుకోవాలి. ఆ దిగుడుకు గంటకు 40 మైళ్లు సరైన వేగం అనుకుంటే, 40 దాకా రానిచ్చి, గట్టిగా బ్రేకు వేసి 35కు దించి, కాలు తీసేయాలి. మళ్లీ 40కి వస్తే మళ్లీ అంతే. లైనర్లకు చల్లబడే సమయం దొరుకుతుంది.

పాస్ కావాలంటే వందకు 80 మార్కులు రావాలి. ఎయిర్ బ్రేకులకు విడిగా పరీక్ష ఉంది. అది పాస్ కాకపోతే ఎయిర్ బ్రేకుల బండి నడపకూడదని లైసెన్సు మీదే ముద్ర పడుతుంది. మా వాడు మొదటిసారి అందులోనే తప్పాడు, రెండోసారి గట్టెక్కాడు. రాత పరీక్ష పాసై నేర్చుకునే పర్మిట్ వచ్చాక కనీసం 14 రోజులు ఆగితే గానీ బండి తోలే పరీక్ష పెట్టరు.

ఇప్పుడు మన సంగతి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 11వది ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) పరీక్ష గురించి చెబుతుంది. అడగాల్సినవి నాలుగు: సిగ్నళ్లు, రోడ్డు గుర్తులు, రోడ్డు నియమాలు మూడూ కలిపి ఒకటి; మిగతా మూడు, ప్రమాదం జరిగితే డ్రైవరు ఏం చేయాలి, కాపలా లేని రైల్వే గేటు ఎలా దాటాలి, వెంట ఏ కాగితాలు ఉండాలి. 60 శాతం వస్తే పాస్. బైకుకైనా కారుకైనా ఇవే. అప్పటికే చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్నవాడికి ఈ పరీక్ష కూడా అక్కర్లేదని అదే నిబంధన అంటుంది. హెవీ లైసెన్సుకు వచ్చే ప్రతివాడి దగ్గరా ముందే కారు లైసెన్సు ఉంటుంది, ఎందుకంటే అది ఏడాది పాటు ఉంటేనే లారీకి ఎల్ఎల్ఆర్ ఇస్తారు. అంటే కారు నుంచి లారీకి మారేవాడికి రాత పరీక్షే లేదు. బండి తోలి చూపించాలి, డ్రైవింగ్ స్కూలు సర్టిఫికెట్ ఇవ్వాలి, అంతే. గ్యాసు, పెట్రోలు లాంటి ప్రమాదకరమైన సరుకు తోలేవాళ్లకు మాత్రం 3 రోజుల శిక్షణ ఉంది. సిమెంటు, బండలు, టమోటాలు తోలేవాళ్లకు అదీ లేదు.

దీని ఫలితం నేను కళ్లారా చూశాను. నా దగ్గర నాలుగేళ్లు కిలీనరుగా చేసిన పిల్లోడు హెవీ లైసెన్సు తెచ్చుకున్నాడు. రూలు ప్రకారం స్కూల్లో 30 రోజులు నేర్పాలి, 15 గంటలు బండి తోలించాలి. ఒక స్కూలువాళ్లు వాడితో మూడు రోజులు తోలించి సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. ఆ తర్వాత కొద్ది రోజులకే మదనపల్లె నుంచి టమోటా లోడుతో కడపకు వస్తున్నాం. రాయచోటి దాటాక స్టీరింగు వాడికిచ్చి పడుకున్నాను. గువ్వలచెరువు ఊరు దాటి ఘాట్ మొదలైన చోట ఇంజను చప్పుడు ఉన్నట్టుండి తగ్గిపోయింది, మెలకువ వచ్చేసింది. చూస్తే గేరు న్యూట్రల్‌లో ఉంది. బండి జోరందుకుంటోంది. ఆ వేగంలో కింది గేరు పడదు. పడనప్పుడు గేరు రాడ్డుతో కుస్తీ పడితే ఉన్న సమయం కూడా పోతుంది. పిల్లోడి తొడ వణుకుతోంది. “తొక్కు, గట్టిగా తొక్కు, ఆపేయ్” అని అరిచాను. రోడ్డు పక్కన కాస్త జాగా ఉన్న చోట బండి నిలిచింది. కాలిన లైనర్ల వాసన, వెనక చక్రాల్లోంచి పొగ. గంటసేపు అక్కడే కూర్చున్నాం.

“న్యూట్రల్ ఎందుకు చేసినావురా?”

“డీజిల్ మిగులుతుందని హోటల్ కాడ చెప్పినారన్నా.”

వాడు మొండివాడు కాదు, చెబితే వినే పిల్లోడు. హోటల్ దగ్గర ఎవరో చెప్పిన మాట కంటే ముందు ప్రభుత్వం చెప్పిన మాట వాడి చెవిన పడి ఉంటే, ఆ రాత్రి అలా జరిగేది కాదు. ఇంట్లో ఈ విషయం నేనింతవరకూ చెప్పలేదు.

అందుకే హెవీ లైసెన్సుకు లారీ గురించి పరీక్ష పెట్టాలంటున్నాను. చదువు రానివాళ్లను ఇది ఆపేస్తుందని కొందరనవచ్చు. ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకు ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధనను 2019లో తీసేశారు. అది మంచి పని. మా కిలీనరు పిల్లోడు చదివింది ఐదే, ఆ నిబంధన తీసేయబట్టే వాడికి లైసెన్సు వచ్చింది. నేనడిగేది చదువు పరీక్ష కాదు. ప్రశ్న తెలుగులో, మేం మాట్లాడుకునే తెలుగులో ఉండాలి. చదవలేనివాడికి హెడ్‌ఫోన్లో వినిపించాలి. సమాధానాలు బొమ్మల్లో ఉండాలి. ఘాట్, గేరు, గాలి, లోడు, టైర్లు, నిద్ర, వీటి మీదే అడగాలి. కారు లైసెన్సు ఉందన్న మినహాయింపును హెవీ బండ్లకు తీసేయాలి. పరీక్షకు ముందు చదువుకోవడానికి చిన్న పుస్తకం ఆర్‌టీఓ ఆఫీసులోనే ఉచితంగా ఇవ్వాలి. నిబంధన మార్చడం కేంద్రం చేతిలో ఉందని తెలుసు. పుస్తకం వేయడానికి మాత్రం ఢిల్లీ దాకా పోనవసరం లేదు.

మా అక్క కొడుకు చెప్పినవి, నాకు తెలిసినవి కలిపి ఒక నోటుబుక్కులో ప్రశ్నలు రాసుకుంటున్నాను. ఇప్పటికి 63 అయ్యాయి. లోడింగు లైన్లో నిలబడ్డప్పుడు కిలీనర్లను పిలిచి అడుగుతుంటాను. మీ జిల్లా పేజీలో వారానికి పది ప్రశ్నలకు చోటిస్తే, తెలిసిన ఇంజనీరు ఎవరిచేతనైనా తప్పులు దిద్దించి పంపిస్తాను. మొదటి ప్రశ్న ఇది: ఘాట్ దిగేటప్పుడు గేరు ఎప్పుడు తగ్గించాలి, దిగుడు మొదలవకముందా, బండి జోరందుకున్నాకా?

ఇట్లు,
ఒక లారీ డ్రైవరు,
ఎర్రగుంట్ల, కడప జిల్లా