ఆ కిటికీ ఫొటోని కత్తిరించకుండా మళ్లీ వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో చెక్ ఫొటోగ్రాఫర్ యోసెఫ్ సుదెక్ గురించి అరపేజీ వేశారు. తెలుగు పత్రికలో ఆయన పేరు కనబడేసరికి నాకు పండగలా అనిపించింది, పేజీ విడిగా తీసి మా ఆవిడకి కూడా చూపించాను. చదివాక మాత్రం మనసు చివుక్కుమంది. శీర్షికలోనే ఆయన్ని ఒంటి చేతి మనిషిని చేసేశారు. సగం వ్యాసం ఆ పోయిన చెయ్యి గురించే. పక్కన వేసిన కిటికీ ఫొటోనేమో రెండు వైపులా కత్తిరించి, తపాలా బిళ్ల కన్నా కాస్త పెద్దగా వేశారు.

మా నాన్నగారికి హిందూపురంలో ఫొటో స్టూడియో ఉండేది. బడి అయ్యాక డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు కింద ఆయన పక్కన నిలబడి ఫొటోలు కడిగిన చేతులు నావి. పని కోసం బెంగళూరు వచ్చి మల్లేశ్వరంలో స్థిరపడి చాలా ఏళ్లయింది, ఫొటోలు కడిగే హైపో మందు వాసన మాత్రం ఇంకా మర్చిపోలేదు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

సుదెక్ 1896లో కొలీన్ అనే ఊళ్లో పుట్టాడు. నేర్చుకున్న పని పుస్తకాల బైండింగు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ సరిహద్దుకి పంపితే అక్కడ గాయపడి, కుడి చెయ్యి భుజం దాకా తీసేయాల్సి వచ్చింది. ఒంటి చేత్తో బైండింగ్ కుదరదు కాబట్టి ఫొటోగ్రఫీలోకి వచ్చాడు. ఇంతవరకు మీరు రాసింది నిజమే. అయితే చెయ్యి పోయిన సైనికులు ఆ యుద్ధం నుంచి ఎంతోమంది తిరిగొచ్చారు, వాళ్లందరూ సుదెక్‌లు కాలేదు కదా. 1926లో సంగీత బృందం స్నేహితులతో ఇటలీ వెళ్లినప్పుడు కచేరీ మధ్యలో లేచి, చీకట్లో నడుచుకుంటూ తను గాయపడిన చోటు వెతుక్కుంటూ పోయాడట. రెండు నెలలు ఎవరికీ కనబడలేదు. వెనక్కి వచ్చాక మళ్లీ దేశం దాటలేదు. ఆ చేతి కథకి ఆయనే అక్కడ ముగింపు పెట్టుకున్నాడని నేననుకుంటాను, ఆ తర్వాత ఇంకో యాభై ఏళ్లు చెక్ రాజధాని ప్రాగ్‌లోనే ఉండి పని చేశాడు. మీరు రాయాల్సింది ఆ యాభై ఏళ్ల గురించి.

అప్పట్లో ఫొటో కళ అనిపించుకోవాలంటే పెయింటింగులా కనబడాలని చాలామంది నమ్మేవాళ్లు, ప్రింట్ల మీద బ్రష్షుతో మెరుగులు దిద్దేవాళ్లు. నెగెటివ్‌లో పడిందాన్ని అలాగే చూపించాలని పట్టుబట్టి, పాత ఫొటో క్లబ్బులతో పడక, సుదెక్, యారొమీర్ ఫుంకె మరికొందరు కలిసి 1924లో చెక్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ పెట్టుకున్నారు. అదే రోజుల్లో ప్రాగ్‌లోని సెయింట్ వైటస్ కెథీడ్రల్ అనే పెద్ద చర్చి పని ముగింపుకి వస్తోంది, 1344లో మొదలైన కట్టడం అది. సుదెక్ అక్కడికి వెళ్లి విగ్రహాలూ శిఖరాలూ మాత్రమే చూడలేదు. పెద్ద పెద్ద స్తంభాల మధ్య పడి ఉన్న పలకలు, తోపుడు బళ్లు, తాళ్లు, పైనుంచి ఏటవాలుగా దిగే ఎండలో లేచిన దుమ్ము, ఇవన్నీ తీశాడు. వాటిలోంచి పదిహేను ఫొటోలు 1928లో ఒక సంపుటంగా వచ్చాయి. గుడి కడుతున్న కూలీల పనిముట్లకి కూడా గుడికిచ్చినంత వెలుగే ఇచ్చిన మనిషి అని నాకు వాటిని చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

అసలు సంగతికి వస్తాను. 1940లో ఆయన ఎక్కడో 1900 నాటి ఒక ప్రింట్ చూశాడు, ఫ్రాన్స్‌లోని షార్త్ర్ కెథీడ్రల్ విగ్రహానిది, కాంటాక్ట్ ప్రింట్. ఇక నెగెటివ్‌ని ఎన్‌లార్జ్ చేయనని, అంటే పెద్దది చేసి ప్రింట్ వేయనని అప్పుడే నిర్ణయించుకున్నాడు. ఈ తరం పిల్లలకి చెప్పాలంటే, కాంటాక్ట్ ప్రింట్ అంటే నెగెటివ్‌ని నేరుగా కాగితం మీద పెట్టి, పైన అద్దం బిగించి వెలుగు చూపించడం, నెగెటివ్ ఎంతుంటే ఫొటో అంతే వస్తుంది. పెద్దది చేసినప్పుడు తెలుపుకీ నలుపుకీ మధ్య ఉండే సన్నని బూడిద ఛాయలు ఎన్నో చెదిరిపోతాయి, కాంటాక్ట్‌లో అవి ఉన్నవి ఉన్నట్టు నిలుస్తాయి. పెద్ద ఫొటో కావాలంటే పెద్ద నెగెటివ్ కావాలి, దానికి పెద్ద కెమెరా, స్టాండు, ఇవన్నీ ఒక్క చేత్తో మోసుకుని తిరిగాడాయన. ఒక పాత కొడాక్ కెమెరాతో అడుగు పొడుగు ఫొటోలు తీసి 1959లో ప్రాగ్ మీద పుస్తకం వేశాడు, అందులో 284 ఫొటోలున్నాయి. మీ ఫొటోల్లో మనుషులు ఎందుకుండరని అడిగితే, నేను అన్నీ సిద్ధం చేసుకునేసరికి వాళ్లు వెళ్లిపోతారు, ఏం చెయ్యను, అన్నాడట.

ఇప్పుడు మీరు కత్తిరించిన ఆ ఫొటో. అది ఆయన స్టూడియో కిటికీ. స్టూడియో అంటే తోటలో ఒక చెక్క షెడ్డు, అంతే. నాజీలు ప్రాగ్‌ని ఆక్రమించిన ఆ రోజుల్లో బయట కెమెరా పట్టుకుని తిరగడం కష్టం కాబట్టి లోపలే ఉండి 1940లో కిటికీని తీయడం మొదలుపెట్టాడు, యుద్ధం అయిపోయాక కూడా ఆపలేదు, 1954 దాకా, అంటే పద్నాలుగేళ్లు అదే కిటికీ! అద్దం మీద మంచు, ఆవిరి, కారే నీటి చారలు, అవతల మెలికలు తిరిగిన ఆపిల్ చెట్టు, ఇవతల గూట్లో ఓ గ్లాసు నీళ్లో ఓ పువ్వో. ఫొటో అంచు దాకా ఆ చెమ్మ పాకి ఉంటుంది. మీ పేజీలో ఆ అంచూ లేదు, చెట్టూ సగమే ఉంది. కొలత విషయంలో ఇంత పట్టుదల ఉన్న మనిషి ఫొటోని అలా కోయడం నాకు బాధ కలిగించింది. మా నాన్నగారైతే పాస్‌పోర్టు ఫొటో అంచు కోసేటప్పుడు కూడా రెండుసార్లు స్కేలు పెట్టి చూసేవారు.

డిసెంబరులో మా వంటింట్లో కుక్కర్ పెట్టినప్పుడు కిటికీ అద్దం అలాగే మసకబారుతుంది, అవతల కానుగ చెట్టు నీడలా కనబడుతుంది. మూడేళ్లుగా దాన్నే ఫోన్‌తో తీస్తున్నాను. నాకు ఇంతవరకు సరైన ఫొటో ఒక్కటీ రాలేదు, కానీ రోజూ ఆ చెట్టుని చూస్తున్నాను, చిగురు ఏ కొమ్మకి ముందొస్తుందో ఇప్పుడు తెలుసు. మీ నెలవారీ ఫొటో పోటీకి వచ్చేవన్నీ లద్దాఖ్, కేరళ, విదేశాల ఫొటోలే. ఒకే చోటుని ఏడాది పొడుగునా తీసినవాళ్లకి కూడా అందులో ఒక విభాగం పెట్టండి, ఇంట్లోంచి కదల్లేని పెద్దవాళ్లు, గేటు దగ్గర రోజంతా కూర్చునే వాచ్‌మన్‌లు కూడా పంపగలుగుతారు.

దానికంటే ముందు ఆ కిటికీ ఫొటోని అంచులు కోయకుండా, రంగు కలపకుండా, పేజీకి అడ్డంగా వేయండి. కింద ఆయన పేరు, ఫొటో తీసిన కాలం చాలు. చెయ్యి సంగతి ఈసారికి వద్దు.

ఇట్లు
మీ పాఠకుడు,
మల్లేశ్వరం, బెంగళూరు