‘ఆ’ పక్కన మేక బొమ్మ

సంపాదకుడు గారికి,

తమిళనాడులో తెలుగు పిల్లల చదువు మీద మీ పేజీలో వచ్చే ఉత్తరాలు దాదాపు అన్నీ పదో తరగతి గురించే ఉంటున్నాయి. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి ఎక్కుతూ ఆ పిల్లలు 2016లో పదో తరగతి పరీక్షకు కూర్చున్నారు. అప్పటి నుంచి తమిళం పరీక్ష నుంచి మినహాయింపు కోసం కోర్టు మెట్లు ఎక్కుతూనే ఉన్నాం. ఆ పోరాటం వద్దని నేను అనను. కానీ పదో తరగతి దాకా రాగలిగిన పిల్లలకు మాట్లాడేవాళ్లు ఉన్నారు. ఒకటో తరగతిలోనే తడబడి అక్కడే మిగిలిపోయేవాళ్ల మాటేమిటి?

నేను పెరంబూరులో ఉంటాను. టీచరుగా రిటైరయ్యాక సాయంత్రాలు మా మేడ మీద పద్నాలుగు మంది పిల్లల్ని కూర్చోబెట్టి చదివిస్తున్నాను. తండ్రులు ఆటో నడుపుతారు, పారిశుధ్య పనికి పోతారు. తాతల నాడు నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. వీధి తమిళం పిల్లలకు వచ్చు, అంగడికి పంపితే సరుకు తెస్తారు. పుస్తకంలో తమిళం దగ్గరే చిక్కు.

రెండో తరగతి కుర్రాడొకడు తమిళ వాచకంలో ఒక పేజీ ఎక్కడా ఆగకుండా గడగడా చదివాడు. ‘ఇందులో ఎవరు ఎక్కడికి పోయారు రా?’ అని అడిగాను. వాడు కాసేపు నా మొహం చూసి, అదే పేజీ మళ్లీ గడగడా చదివాడు. ‘బాగనే చదవతాడు కదా టీచరక్కా’ అంది పక్కనున్న వాళ్లమ్మ. సరేనని ఆ కథ తెలుగులో చెప్పి, పుస్తకం తిరిగి వాడి చేతికిచ్చాను. ఈసారి మాటమాటకీ ఆగాడు. ‘ముయల్ అంటే కుందేలా?’ అన్నాడు. వేగం సగానికి పడిపోయింది. వాడు నిజంగా చదవడం అప్పుడు మొదలుపెట్టాడు. బడిలో మార్కులు మాత్రం వేగానికే పడతాయి.

దీనికి కారణం అక్షరమాల మొదటి పేజీలోనే ఉంది. తమిళ పుస్తకంలో ‘అ’కు అమ్మ. బాగానే ఉంది, మనకూ అమ్మే. ‘ఆ’ దగ్గర మేక బొమ్మ ఉంటుంది, ఎందుకంటే తమిళంలో మేకను ‘ఆడు’ అంటారు. ‘ఇ’ దగ్గర ఆకు బొమ్మ, ఎందుకంటే ఆకు ‘ఇలై’. బొమ్మ చూసి పేరు చెప్పు, పేరులో మొదటి శబ్దమే ఈ అక్షరం అన్నది ఈ పద్ధతి కిటుకు. మన పిల్ల మేకను చూసి ‘మేక’ అంటుంది. ఆకును చూసి ‘ఆకు’ అంటుంది, అక్కడ ఉన్న అక్షరం ‘ఇ’. ఇక ‘ఆడు’ అని చదివిస్తే లేచి ఆడుకోవడానికి పోయినా ఆశ్చర్యం లేదు! తమిళ పిల్లకు చేయూతనిచ్చే బొమ్మే మన పిల్లకు అడ్డం పడుతోంది.

ఇంకో సంగతి. తమిళంలో క, గ శబ్దాలకు ఒకటే అక్షరం. త, ద కూడా అంతే. గాంధీ పేరు రాసినా ‘కాంతి’ అని రాసినా కాగితం మీద అవే అక్షరాలు. ఏది ఎలా పలకాలో తమిళ పిల్లకు తెలుసు, ఆ మాట ముందే చెవిన పడి ఉంటుంది కాబట్టి. మాట తెలియని పిల్ల ఊహించి పలుకుతుంది, తప్పుతుంది, తర్వాత నోరు మూసుకుంటుంది.

2022 నుంచి సర్కారు బడుల్లో ‘ఎణ్ణుమ్ ఎళుత్తుమ్’ (అంకెలూ అక్షరాలూ) అనే పథకం నడుస్తోంది. చిన్న తరగతుల పిల్లల్ని నేర్చుకున్న స్థాయిని బట్టి అరుంబు, మొట్టు, మలర్ అని మూడు జట్లు చేస్తారు. మంచి పథకమే, నాకు దాని మీద కోపం లేదు. కానీ భాష అందని పిల్లనూ బుర్రకెక్కని పిల్లనూ ఒకే చాప మీద కూర్చోబెడితే టీచరుకు తేడా ఎలా తెలుస్తుంది? ఆపైన తల్లిని పిలిచి ‘ఇంట్లో తమిళమే మాట్లాడండి’ అంటారు. ఆ తల్లికి వచ్చే తమిళం బేరానికి సరిపోతుంది, కథ చెప్పడానికి చాలదు. దాంతో ఉన్న కథలు కూడా ఆగిపోతాయి.

మన తెలుగువాళ్లం తక్కువ తిన్నామా? మా మేడ మీద ఒక పిల్ల పలక మీద ‘పిల్లి పాలు తాగతావుండాది’ అని వాళ్లింటి యాసలో రాసింది. తనంతట తాను రాసిన మొదటి వాక్యం. కొట్టేసి ‘తాగుతోంది’ అని దిద్దింది నేనే. ఆ పిల్ల వారం రోజులు బలపం పట్టలేదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉన్నప్పుడు సవర గిరిజన పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష తాను నేర్చుకుని, వాచకాలు రాశారు. ఆయన 1940లో కన్నుమూసింది ఈ మద్రాసులోనే. ఏటా ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసే నేను ఆ పిల్ల వాక్యం చెరిపేశాను.

చెన్నైలో పుట్టిన పిల్లకు తమిళం రాకపోతే నష్టం ఆ పిల్లకే, కాబట్టి తమిళం వద్దని నేను అనడం లేదు. ప్రతి వీధికీ తెలుగు బడి కావాలనీ అడగడం లేదు. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు సదుపాయం కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం 1956 నుంచి చెబుతోంది. 2011 జనాభా లెక్కల్లో ఈ రాష్ట్రంలో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 42 లక్షల పైచిలుకు. ఇంతమంది ఉన్నచోట నేను అడిగేది చిన్నది. తెలుగు పిల్లలు ఎక్కువగా ఉన్న బడుల్లో ఒకటి, రెండు తరగతులకు తెలుగు తెలిసిన వాలంటీరు ఒకరు కావాలి. పాఠం ముందు కథను తెలుగులో చెప్పి, పాఠం తర్వాత పిల్ల తెలుగులో జవాబు చెప్పినా అర్థమైనట్టే లెక్క వేస్తే చాలు. కరోనా తర్వాత ఇళ్ల దగ్గరే చదువు చెప్పించే ‘ఇల్లం తేడి కల్వి’ పథకం కోసం వీధివీధినా వాలంటీర్లను పట్టిన ప్రభుత్వానికి ఇది కష్టం కాదు. ఈలోగా మన తెలుగు సంఘాలవాళ్లు ఉగాది కవి సమ్మేళనానికి పెట్టే శ్రద్ధలో కొంత వారానికి ఒక గంటగా మార్చి ఆ బడులకు పంపవచ్చు.

మేక, ఆకు, కుందేలు వంటి అరవై మాటలకు బొమ్మతో పాటు తెలుగు పేరు, తమిళ పేరు రాసి మా పిల్లలే ఒక పటం చేశారు. ‘తాగతావుండాది’ కూడా ఉంది అందులో. నకలు కావాలన్న టీచర్లకు జిరాక్స్ తీసి ఇస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
పెరంబూరు, చెన్నై