ఉప్పుగాలిలో రీలు

ప్రొద్దుటూరు,
ఆదివారం

ఒరే ఓబులేసూ,

పార్సిల్ అందిందప్పా. నీ చేపల గాలం రీలు మొత్తం విప్పి తెల్లగుడ్డ మీద పరిచినాను. మరలు, వాషర్లు వరసగా పేరిస్తే మన ఊరి బంగారు అంగట్లో ముక్కుపుడకల పళ్ళెం మాదిరి ఉంది. “గేర్లు అరిగినట్టున్నాయి, తిప్పితే గరగరమంటోంది, కొత్తది కొనేస్తా” అని చీటీ రాసి పెట్టినావు కదా, ఆ తొందర వద్దు. మెయిన్ గేరు పన్ను ఒక్కటి కూడా అరగలేదు. పోయినవి రెండే: లైన్ రోలర్ లోపలి బేరింగు, డ్రాగ్ వాషర్లు. తప్పు రీలుది కాదు, అలవాటుది. మైలవరం డ్యామ్‌లో, బ్రహ్మంసాగర్‌లో కొరమీనుకు గాలమేసినన్నాళ్ళు గుడ్డతో తుడిచి మూలన పెట్టినా నడిచింది. నెల్లూరు పోయినంక కూడా అదే చేస్తే ఎట్లరా?

మన పెన్నా నీళ్ళే ఆడికొచ్చి సముద్రంలో కలుస్తాయి గానీ, కలిసినంక లెక్క వేరు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకొని తనంతట తానే కరుగుతుంది. ఎండాకాలంలో మా ఇంట్లో ఉప్పు డబ్బా పొడిపొడిగా ఉంటుంది, మీ ఇంట్లో చెమ్మగిల్లి గడ్డకడుతుంది, చూసుకో. రీలులో దూరిన ఉప్పు కూడా అంతే. ఈడైతే ఎండి గమ్మునుంటుంది. ఆడ రాత్రికి కరుగుతుంది, పగలు ఎండుతుంది, మళ్ళా రాత్రికి కరుగుతుంది. ఎండినప్పుడు ఇసుక మాదిరి రాస్తుంది, కరిగినప్పుడు తుప్పు పట్టిస్తుంది. నువ్వు వారానికి ఒక్క పూటే మైపాడు పోయినా, కడగని రీలుకు వారమంతా సముద్రమే.

లైన్ రోలర్ సంగతి చెప్తా విను. బెయిలు తీగ, అంటే దారాన్ని పట్టి చుట్టే వంపు తీగ చివర, దారం మలుపు తిరిగే చోట ఉంటుందే ఆ చిన్న గుండ్రటి ముక్క. నీదాన్ని విప్పితే బేరింగు ఎర్రటి ముద్దగా ఉంది, గోరుతో నెట్టినా కదల్లేదు. రోలర్ తిరగకపోతే బ్రెయిడు (అల్లిన దారం) దాని మీద రుద్దుకుంటూ పోతుంది. భూతద్దం పెట్టి చూస్తే రోలర్ మీద వెంట్రుక మందాన గీత పడింది. నీ దారం నూగు లేచింది ఆ గీత అంచుకే. ఆ గరగర కూడా ఈడిదే, హ్యాండిల్ దాకా తెలుస్తుంది కాబట్టి గేరనుకున్నావు. రోలర్ మీద మార్కర్‌తో చుక్క ఒకటి పెట్టు. కొంచెం బరువు లాగుతూ మెల్లగా చుట్టు. చుక్క తిరుగుతుంటే సరే, నిలబడిపోతే ఆ రోజుకు గాలం మూట కట్టు. ప్రతిసారీ బయలుదేరే ముందు ఈ పరీక్ష చేయి, అర నిమిషం పని.

నీ రోలర్‌కు పట్టే బేరింగు లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్లు, బయట 7, మందం 2.5. అంగట్లో ఎస్ఎంఆర్74జెడ్‌జెడ్ అని అడుగు. మొదటి ‘ఎస్’ ముఖ్యం, అది స్టెయిన్‌లెస్ అని గుర్తు. అది లేనిది చవకగా వస్తుంది, వచ్చినంత తొందరగా పోతుంది. రెండు తెప్పించుకొని ఒకటి డబ్బాలో దాచిపెట్టు. విప్పేటప్పుడు బేరింగుకు అటూ ఇటూ ఉండే పల్చటి వాషర్లు ఏ వరసలో వచ్చినాయో ఫోటో తీసుకో. తారుమారైతే మర బిగించగానే రోలర్ బిగుసుకుంటుంది, కొత్త బేరింగు మీద నింద వేస్తావు.

డ్రాగ్ వాషర్ల వాసన చూసినాను. కొబ్బరినూనె! ఎవరు చెప్పినార్రా నీకు? తలకు పెట్టుకోప్పా దాన్ని. కొబ్బరినూనె 24 డిగ్రీల లోపు గడ్డకడుతుంది, కొన్నాళ్ళకు జిగురవుతుంది. డ్రాగ్ అంటే బ్రేకు. జిగురు పట్టిన బ్రేకు మొదట బిగపట్టి, ఉన్నట్టుండి జారుతుంది. చేప ఒక్క గుంజు గుంజినప్పుడు దారం తెగేది ఆ బిగపట్టిన క్షణంలోనే. నీవి ఫెల్టు వాషర్లు, ఉప్పునీళ్ళు, నూనె రెండూ పీల్చినాయి, ఇంక పనికిరావు. వాటి బదులు అదే కొలత కార్బన్ ఫైబర్ వాషర్లు పెడతా. వాటికి డ్రాగ్ గ్రీజు రుద్ది, గుడ్డతో తుడిచేస్తే మిగిలే పొర చాలు. మామూలు గేరు గ్రీజు ఆడ పెట్టొద్దు.

కొత్తది కొనాలనే మనసు పుట్టింది కాబట్టి అది కూడా చెప్తా, ఆగవని తెలుసు.

సైజు ముందు. కృష్ణపట్నం పక్క కాలువల్లో పండుగప్పకు ఏడడుగుల రాడ్డుతో 3000 సైజు రీలు సరిపోతుంది. మైపాడు ఒడ్డు నుంచి తొమ్మిది పది అడుగుల రాడ్డుతో 30, 40 గ్రాముల ఎర దూరం విసరాలంటే 4000 లేదా 5000. ఒక్కటే కొంటానంటే 4000 తీసుకో. నంబరు ముందరో వెనకో ‘సి’ ఉందా చూడు. షిమానో కంపెనీలో సి3000 అంటే 2500 బాడీకి పెద్ద స్పూలు (దారం చుట్టే గిలక), సి5000 అంటే 4000 బాడీ. డైవా కంపెనీ ఎల్‌టీ రకాల్లో 4000-సి అంటే 3000 బాడీ. నంబరు చూసి పెద్దదనుకుంటే మోసపోతావు.

గేరు నిష్పత్తి, అంటే హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే స్పూలు మీద దారం ఎన్ని చుట్లు పడుతుందో ఆ లెక్క, ఊరికే బడాయి అంకె కాదు. స్పూలు మీద దారం చుట్టు వ్యాసం 50 మిల్లీమీటర్లు అనుకో, 6.2 నిష్పత్తిలో హ్యాండిల్ ఒక చుట్టుకు 97 సెంటీమీటర్ల దారం వస్తుంది. 5.1 అయితే 80. ఒడ్డు మీద అల దారాన్ని వదులు చేస్తుంటుంది, ఆ వదులు గబగబా చుట్టేయాలంటే 6 పైన ఉండాలి. బరువైన ఎర లాగేటప్పుడు చెయ్యి నొప్పి పుడుతుంది, అది ఒప్పుకోవాల్సిందే.

బేరింగుల లెక్క చూసి మురిసిపోవద్దు. 12 నాసిరకం బేరింగులంటే తుప్పు పట్టే తావులు 12. లైన్ రోలర్‌లో ఒకటి, మెయిన్ గేరుకు అటూ ఇటూ రెండు, పినియన్‌కు (మెయిన్ గేరు తిప్పే చిన్న గేరుకు) ఒకటి మంచివుంటే చాలు. డబ్బా మీద “గరిష్ఠ డ్రాగ్ 12 కిలోలు” అని రాస్తారు, నీకు కావాల్సింది రెండు మూడు కిలోలే. అంత తక్కువలో నున్నగా జారుతుందా లేదా అన్నదే ప్రశ్న. అంగట్లోనే డ్రాగ్ బిగించే నాబ్ వదులు చేసి దారం చేత్తో మెల్లగా లాగి చూడు. కుదుపు తగిలితే గమ్మున వెనక్కిచ్చేయి.

బాడీ అల్యూమినియం అయినా, గ్రాఫైట్ కలిపిన ప్లాస్టిక్ అయినా సముద్రానికి తట్టుకుంటాయి. మెగ్నీషియం తేలికే, కానీ పైపూత గీసుకుపోతే ఉప్పు దాన్ని కొరుక్కు తింటుంది. హ్యాండిల్ మరతో నేరుగా గేరులోకి బిగించే రకం తీసుకో. అడ్డంగా కడ్డీ దూర్చి అవతల నుంచి మూతమర బిగించే రకం కొన్నాళ్ళకు లొడలొడలాడుతుంది.

నీళ్ళు దూరని రీళ్ళని చెప్తారు కదా, అందులో మెలిక ఉంది. పెన్ కంపెనీ స్పిన్‌ఫిషర్ 6 రీలుకు ఐపీఎక్స్5, స్లామర్ 4కు ఐపీఎక్స్6 అని నీళ్ళకు ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఉంటుంది. ఆ 5, 6 రెండూ నీళ్ళు చిమ్మితే తట్టుకుంటాయనే చెప్తాయి, ముంచితే తట్టుకుంటాయని కాదు. ముంచడానికి 7 ఉండాలి. డైవా మ్యాగ్‌సీల్డ్‌లో అయస్కాంతం పట్టి ఉంచే నూనె పొర అడ్డుగా ఉంటుంది. ఆడ నువ్వు వేరే నూనె చుక్క వేసినావంటే ఆ పొర పాడైపోతుంది. సీలు ఉంటే మంచిదే, కాకపోతే లోపలికి దూరిన నీళ్ళు బయటికి పోకుండా పట్టి ఉంచేది కూడా ఆ సీలే. నువ్వు అలల్లో నడుము లోతు దిగే రకం కాదు కాబట్టి, సీలుకు పెట్టే దుడ్డు మంచి డ్రాగ్‌కు పెట్టు.

దారం: పీఈ 1.5 (బ్రెయిడు మందం అంకె) బ్రెయిడు 200 మీటర్లు. అడుగున పది మీటర్లు నైలాన్ దారం చుట్టి దాని మీద బ్రెయిడు ముడేయి. లేకుంటే బ్రెయిడు మొత్తం స్పూలు మీద జారి గిర్రున తిరుగుతుంది, డ్రాగ్ పోయిందనుకుంటావు. స్పూలు అంచుకు 2 మిల్లీమీటర్లు తక్కువగా నింపు. ఎక్కువైతే చుట్టలు చుట్టలుగా ఊడి ముళ్ళు పడతాయి, తక్కువైతే దూరం పోదు. విసిరినంక బెయిలు చేత్తో మూయి, హ్యాండిల్ తిప్పి మూయొద్దు. మూసి, దారాన్ని ఒకసారి బిగలాగి చుట్టడం మొదలుపెట్టు. ముళ్ళు సగం ఆడనే తగ్గుతాయి. పండుగప్ప చెంపల అంచు బ్లేడు మాదిరి కోస్తుంది, అందుకని ముందర 30 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం మీటరు పొడవు కట్టు.

డ్రాగ్ చెవితో కాదు, కాటాతో పెట్టు. 20 పౌండ్ల దారమంటే 9 కిలోలు, అందులో నాలుగో వంతు 2.25 కిలోలు. రాడ్డు వంచి పట్టుకో, దారం చివర స్ప్రింగ్ కాటా తగిలించి ఇంకొకరిని లాగమను. 2.25 దగ్గర జారడం మొదలవ్వాలి. చేప దారం లాక్కుపోయేకొద్దీ స్పూలు మీద చుట్టు చిన్నదవుతుంది, అదే బిగింపు ఎక్కువ బలంగా పని చేస్తుంది. వ్యాసం సగమైతే లాగుడు రెట్టింపు. పెద్ద పార చేప ఒకటి తగిలి వంద మీటర్లు లాక్కుపోతుంటే చెయ్యి నాబ్ మీదికి పోతుంది చూడు, బిగించడానికి పోనీకు.

ఇంటికొచ్చినంక చేయాల్సింది ఇది, అదే రాత్రి చేయాలి, తెల్లారి కాదు. డ్రాగ్ నాబ్ పూర్తిగా బిగించు, నీళ్ళు వాషర్లలోకి దిగకుండా. మొక్కలకు చల్లే చిన్న స్ప్రేతో మంచినీళ్ళు పైపైన చల్లు. పంపు ధార పెట్టొద్దు, బకెట్‌లో ముంచొద్దు, వేడినీళ్ళు వద్దు. ధార బలానికి ఉప్పు లోపలికే పోతుంది. లైన్ రోలర్ మీద, బెయిలు రెండు చివర్ల మీద, హ్యాండిల్ పట్టు మీద ఎక్కువ చల్లు. నీళ్ళు చల్లేటప్పుడు హ్యాండిల్ తిప్పొద్దు. తర్వాత విదిలించి, మెత్తటి గుడ్డతో తుడిచి, డ్రాగ్ మొత్తం వదులు చేసి నీడలో ఆరబెట్టు. బిగించి వదిలేస్తే వాషర్లు అణిగిపోయి అంటుకుంటాయి. బోరునీళ్ళైతే తెల్లటి పొర కడుతుంది, చివరి తుడుపుకు తాగే క్యాన్ నీళ్ళు వాడు. స్పూలు మీది బ్రెయిడు ఉప్పునీళ్ళు తడిగుడ్డ మాదిరి పట్టి ఉంచుతుంది, దానికింద స్పూలు తెల్లగా పొక్కులొస్తుంది. నెలకోసారి దారం వేరే స్పూలుకు చుట్టి, కడిగి ఆరబెట్టి తిరిగి చుట్టు.

రీలు సముద్రంలో మునిగితే మాత్రం ఈ చల్లుడు చాలదు. ఒకటి రెండు రోజుల్లో విప్పాల్సిందే, నాకు పంపించు.

రెండు మూడు ట్రిప్పులకోసారి రీలు నూనె ఒక్కో చుక్క: లైన్ రోలర్, బెయిలు కీళ్ళు, హ్యాండిల్ పట్టు, స్పూలు కింది కడ్డీ. మ్యాగ్‌సీల్డ్ రకం కొన్నావంటే ఆ సీలున్న తావులు వదిలేయి. ఏమీ దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె ఫర్వాలేదు, తొందరగా కొట్టుకుపోతుంది కాబట్టి ప్రతి ట్రిప్పుకు వేయాలి. డబ్ల్యూడీ-40 తడి తోలడానికి మంచిదే కానీ గ్రీజును కరిగించి పట్టుకుపోతుంది, రీలులోకి కొట్టొద్దు. గ్రీజు మెయిన్ గేరు పళ్ళకు, పినియన్‌కు మాత్రమే, పళ్ళు నిండేంత చాలు. బాడీ నింపితే తిప్పడం బరువవుతుంది.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నా. రోటర్ (బెయిలును మోస్తూ తిరిగే భాగం) కింద యాంటీ రివర్స్ క్లచ్ ఉంటుంది, సన్నటి రోలర్లు వరసగా ఉన్న ఉంగరం. దానికి గ్రీజు తగిలిందంటే రోలర్లు జారిపోతాయి, హ్యాండిల్ వెనక్కి తిరుగుతుంది. చేప గుంజినప్పుడు హ్యాండిల్ వేళ్ళ మీద కొడుతుంది. అట్ల జరిగితే మెడికల్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చి కడిగి, బాగా ఆరనిచ్చి, పల్చటి నూనె తడి మాత్రం తగిలించు. థిన్నర్, అసిటోన్ వద్దు, ప్లాస్టిక్‌నూ రంగునూ తినేస్తాయి.

నువ్వే విప్పుతానంటే వర్షాలు మొదలు కాకముందు ఒకసారి, డిసెంబరు తర్వాత ఒకసారి. రోటర్ నట్టు కొన్నిట్లో ఎదురు మర, కదలకపోతే బలం పెట్టకుండా రెండో వైపు తిప్పి చూడు. మెయిన్ గేరు పక్కన కాగితమంత పల్చటి వాషర్లు గ్రీజుకు అంటుకొని కనపడవు. అవి పోతే గేర్లు ఒకదానికొకటి సరిగ్గా కూర్చోవు, అప్పుడు వచ్చే గరగర మాత్రం నిజంగా గేర్లదే. స్టీలు మర అల్యూమినియం బాడీలో ఉప్పుతడికి తెల్లపొడి కట్టి బిగుసుకుంటుంది, బిగించే ముందు ప్రతి మర పళ్ళకు గ్రీజు రాయి.

రోలర్ గీత పడింది కాబట్టి అది కూడా మార్చాలి, తెప్పిస్తున్నా. వచ్చే వారం ఆర్టీసీ కార్గోలో వేస్తా. దారం తీసేసి, డ్రాగ్ వదులు చేసి పంపుతా. నీకందినప్పుడు నాబ్ వదులుగా ఉందేమని ఫోన్ చేయొద్దు. రోలర్ మీద నల్లచుక్క నేనే పెట్టి పంపుతా, చెరిపేయకు.

ఇట్లు,
నీ సుబ్బరాయుడు