ఏ పువ్వుకైనా మదురై పేరేనా?

సంపాదకులకు నమస్కారం.

మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లికి పూలజడ చెప్పాం. పూలతను "అసలు మదురై మల్లెమొగ్గమ్మా, రాత్రంతా నిలుస్తుంది" అని మామూలు రేటుకు రెట్టింపు తీసుకున్నాడు. సాయంత్రం ఆరింటికి జడ వేస్తే, జీలకర్రా బెల్లం పెట్టే వేళకి మొగ్గలన్నీ విచ్చుకుని అంచులు ఎర్రబడ్డాయి. ఫొటోల్లో మల్లెల కంటే మధ్యలో కుట్టిన కనకాంబరాలే నయం.

మా ఆడపడుచు వాళ్లది పద్నాలుగేళ్లుగా మదురైలో కాపురం. ఫోన్‌లో చెబితే నవ్వింది. "మంచు పడే నెలల్లో ఇక్కడి తోటల్లోనే పువ్వు సరిగ్గా ఉండదు వదినా. పొంగల్ ముందు మాట్టుత్తావణి మార్కెట్లో కిలో రెండు వేలు, మూడు వేలు పలుకుతుంది. ఆ రేటుకి మీకెవరిస్తారు?"

అసలు మదురై మల్లెను నేను వాళ్లింట్లో చూశాను. రేకు మందంగా ఉంటుంది. కాడ కూడా ఇంచుమించు రేకంత పొడవు, అందుకే దారానికి ముడి బాగా పడుతుంది. తెల్లారకముందే కోసిన మొగ్గ పొద్దుపోయాక గానీ విచ్చుకోదు. తలలోంచి తీసి దిండు పక్కన పెడితే మర్నాటికీ వాసన పోలేదు. చిత్తిరై ఉత్సవాల్లో మీనాక్షి అమ్మవారికీ అదే, చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ల జడల్లోనూ అదే. బస్టాండులో పూలమ్మే ఆవిడ నాతో మాట్లాడుతూనే మూర కట్టేసింది, దారం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఈ మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. మదురై, ఆ చుట్టుపక్కల జిల్లాల్లో పూసినదానికే ఆ పేరు. మన బంగినపల్లి మామిడికి 2017లో వచ్చింది కదా, రేపు ఇంకో రాష్ట్రంలో ఏదో కాయకి బంగినపల్లి అని చీటీ అంటించి అమ్మితే మనం ఊరుకుంటామా? మల్లె దగ్గర మాత్రం ఎవరికీ పట్టదు. పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది, దాంతో పాటు ఫిర్యాదూ వాడిపోతుంది!

నష్టం కొన్నవాళ్లకే కాదు. మన మైలవరం వైపు పూసే మల్లె ఏం తక్కువ? ఎండాకాలం సాయంత్రాలు బెజవాడలో గుప్పుమనేది ఆ పువ్వే. దాన్ని సొంత పేరుతో అమ్మితే రైతుకీ ఆ ఊరికీ పేరొస్తుంది.

హైదరాబాద్, విజయవాడ పూల మార్కెట్లలో దిగే ప్రతి పెట్టె మీద పువ్వు ఏ ఊరిదో, ఏ రోజు కోసిందో రాయాలన్న నిబంధన పెట్టాలి. వచ్చే పెళ్లిళ్ల సీజన్‌కి ముందే రెండు రాష్ట్రాల ఉద్యాన, మార్కెటింగ్ శాఖలు ఈ పని చేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, గుంటూరు