మేము నిర్వహించుకోలేని కోడ్‌ను అప్పగించడంపై ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: భాషలు, ఫ్రేమ్‌వర్క్‌ల ఎంపికలో ఒప్పందాన్ని పాటించకపోవడం

నమస్కారం.

సంగీతం నేర్పే గురువులకూ నేర్చుకునేవారికీ పాఠాల వేళలు కుదిర్చే మా వెబ్‌సైట్‌ను మీ సంస్థ అప్పగించి ఐదు నెలలైంది. ఈ ఐదు నెలల్లో మేము కొత్తగా చేర్చగలిగిన సౌకర్యం ఒక్కటీ లేదు. ఉన్నది ఆగిపోకుండా చూసుకోవడానికే పొద్దంతా సరిపోతోంది.

మొదటి సమావేశంలోనే మా పరిస్థితి దాచకుండా చెప్పాను. మేము నలుగురం. కోడ్ రాసేది ఇద్దరం, ఇద్దరికీ చేయి తిరిగిన భాష పైథాన్. అందుకే పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ (సిద్ధంగా దొరికే కోడ్ చట్రం) అయిన జాంగోతో, పోస్ట్‌గ్రెస్ డేటాబేసుతో కట్టమని అడిగాను. అప్పగించాక మా బృందమే సొంతంగా నిర్వహించుకోగలగాలన్న షరతును పట్టుబట్టి ఒప్పందంలో రాయించాను. మాకు అందినవి పదకొండు సర్వీసులు, అంటే విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములు: ఐదు గో భాషలో, నాలుగు నోడ్‌లో (సర్వర్‌పై నడిచే జావాస్క్రిప్ట్), రెండు రస్ట్ భాషలో. పైథాన్ ఫైలు ఒక్కటీ లేదు.

దీనిపై అడిగినప్పుడు మీ ఆర్కిటెక్ట్ గారు ట్విట్టర్ సంగతి చెప్పారు. రూబీ భాషలోని ఫ్రేమ్‌వర్క్ అయిన రూబీ ఆన్ రెయిల్స్‌తో మొదలైన ఆ సంస్థ రద్దీ పెరిగాక స్కాలా, జావా భాషల వైపు మారవలసి వచ్చిందన్నారు. నిజమే. అయితే 2006లో మొదలై అంత రద్దీ వచ్చేదాకా దాన్ని మోసింది రెయిల్సే కదా. ఇన్‌స్టాగ్రామ్‌ను 2012లో ఫేస్‌బుక్ కొనే నాటికి అక్కడ పనిచేసేవారు 13 మంది, వాడేవారు సుమారు 3 కోట్ల మంది. అది నడిచింది జాంగో మీదే. మా దగ్గర నమోదైన గురువులు మూడు వందల మంది. మా సైటు కిటకిటలాడే వేళలో కూడా ఒక మామూలు సర్వర్ తేలిగ్గా తట్టుకోగలదు. ఇంకా రాని రద్దీ పేరు చెప్పి, ఈ రోజు చేయవలసిన పనిని మా చేతుల్లోంచి తీసేసుకున్నారు.

గత నెల ఒక శనివారం ఉదయం ఏం జరిగిందో మీరు తెలుసుకోవాలి. వయొలిన్ నేర్పే ఒక గురువుగారి ఇంటికి తొమ్మిది గంటల పాఠానికి ఇద్దరు పిల్లలు వచ్చారు. ఇద్దరి తల్లిదండ్రులూ డబ్బు కట్టారు. ఇద్దరి ఫోన్లలోనూ మేము పంపిన ధ్రువీకరణ సందేశం ఉంది. ఒక పాపను వెనక్కి పంపవలసి వచ్చిందని చెబుతున్నప్పుడు ఆ గురువుగారి గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా వినిపించింది.

కారణం వెతకడానికి మాకు రెండు రోజులు పట్టింది. ఖాళీ వేళలు చూపే సర్వీసుకు ఒక డేటాబేసు, బుకింగులు రాసుకునే సర్వీసుకు మరొకటి, మధ్యలో సందేశాల వరుస. మొదటి బుకింగు సమాచారం ఆ వరుసలో నలభై సెకన్లు ఆగిపోయింది. ఆ లోపు వచ్చిన రెండో వ్యక్తికి అదే వేళ ఖాళీగా కనిపించింది. బుకింగుల డేటాబేసులో, ఒక గురువుకు ఒకే వేళను రెండుసార్లు రాయకూడదన్న నిబంధనే లేదు. ఆ తనిఖీనంతా మొదటి సర్వీసుకే వదిలేశారు. రెండు కాలవ్యవధులు ఒకదానిపై ఒకటి పడకుండా డేటాబేసే అడ్డుకునే ఏర్పాటు పోస్ట్‌గ్రెస్‌లో 2012 నాటి 9.2 వెర్షన్ నుంచీ ఉంది. అంతా ఒకే డేటాబేసులో ఉండి, ఆ ఒక్క నిబంధన రాసి ఉంటే ఆ పాప అలా తిరిగి వెళ్లవలసి వచ్చేది కాదు. దీనికి మీ బృందం సూచించిన పరిష్కారం, మరో సర్వీసును చేర్చడం. మేము ఒప్పుకోలేదు.

గో మీద, రస్ట్ మీద నాకు ఫిర్యాదు లేదు. మెమరీ తప్పులను కంపైల్ దశలోనే, అంటే ప్రోగ్రాం నడవకముందే పట్టుకునే భాష కావలసిన చోట రస్ట్‌ను నేనే ఎంచుకుంటాను. మా వాడకం వేరు: పాఠానికి గంట ముందు ఒక ఈమెయిల్ వెళ్లాలి, అంతే. ఆ ఈమెయిల్ పంపే రస్ట్ సర్వీసులో మీ ఇంజినీరు రాసుకున్న ఒక వ్యాఖ్య అలాగే మిగిలిపోయింది: ‘నేర్చుకుంటూ రాస్తున్నాను, తర్వాత సరిచేయాలి’. అది చదివాక చాలాసేపు మరో ఫైలు తెరవలేకపోయాను.

ఇక సైటును నిర్వహించడానికి మేము వాడే అడ్మిన్ పేజీలు యాంగులర్‌జేఎస్ అనే గూగుల్ ఫ్రేమ్‌వర్క్‌లో ఉన్నాయి. దానికి గూగుల్ మద్దతు 2021 డిసెంబరుతోనే ముగిసింది. ఇప్పుడు అందులో భద్రతా లోపం బయటపడితే సరిచేసే బాధ్యత గూగుల్‌ది కాదు. యాంగులర్ కొత్త వెర్షన్లకు మారాలంటే చాలావరకు తిరగరాయాలి. జాంగోతో పాటే వచ్చే అడ్మిన్ ఈ పనిలో అధిక భాగం చేసిపెట్టేది. సర్వర్ వైపు మీ ఇంజినీర్లు నేర్చుకోవాలనుకున్న భాషలు, అడ్మిన్ వైపు మీ దగ్గర సిద్ధంగా ఉన్న పాత టెంప్లేటు వాడారు. ఈ రెండు ఎంపికల్లోనూ మా అవసరాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మూడు భాషలూ వచ్చిన ఒక ఇంజినీరు కోసం రెండు నెలలుగా వెతుకుతున్నాము. ఇంటర్వ్యూ దాకా వచ్చిన ఇద్దరూ కోడ్ చూశాక వద్దన్నారు. మా చేతిలో ఉన్న డబ్బు ఇంకో ఏడు నెలలకు మించి రాదు.

కాబట్టి బుకింగులు, ఖాళీ వేళలు, చెల్లింపులు ఈ మూడింటినీ ఒకే జాంగో అప్లికేషన్‌గా, ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేసుతో, మీ ఖర్చుతో తిరిగి రాసి ఇవ్వాలని కోరుతున్నాను. ఆ పని మా ఇద్దరితో కలిసి జరగాలి, ప్రతి మార్పూ మేము చదివి సరేనన్నాకే చేరాలి. అది పూర్తయ్యేదాకా ఇప్పుడున్న సర్వీసుల నిర్వహణ ఖర్చు మీరు భరించాలి. చివరి వాయిదా మొత్తాన్ని అంతవరకు చెల్లించబోము. మీకు ఇది కుదరకపోతే, ఒప్పందం ప్రకారం ఇప్పటిదాకా తీసుకున్న దానిలో సగం తిరిగి ఇవ్వండి, మేమే రాసుకుంటాము.

పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. ఆ శనివారం నాటి లాగ్‌లను, ఒప్పందంలోని ఆ షరతు ప్రతిని ఈ లేఖకు జతపరిచాను.

ఇట్లు,
సహ వ్యవస్థాపకురాలు