వార్షిక నివేదిక: మిస్సింగ్ కొట్టే మోటార్లతో ఈ ఏడాది మన పని

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

సభ్యత్వాల వివరాలు, జమాఖర్చులు విడిగా జతచేశాం కాబట్టి వాటిని ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది సంఘం సమయమంతా దాదాపు ఒకే పనికి సరిపోయింది. బోటు వెనక తగిలించే టూ-స్ట్రోక్ అవుట్‌బోర్డు మోటార్లు స్లోలో ఆగిపోవడం, మిస్సింగ్ రావడం (అంటే సిలిండర్ మధ్యమధ్య మండకపోవడం), రేస్ ఇవ్వబోతే గుటకలు మింగుతున్నట్టు కుదుపులతో నడవడం, ఈ జబ్బులకు కారణం వెతకడమే ఆ పని. మరమ్మతు శిబిరాలకు వచ్చిన ఇంజన్లలో చాలావాటికి అప్పటికే ఎవరో ఒకరు కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) స్క్రూ తిప్పేసి ఉన్నారు. అసలు జబ్బు ఎక్కడో ఉంటే స్క్రూ తిప్పినందువల్ల రెండో జబ్బు తోడవుతుంది. అందుకే కార్యవర్గం ఏడాది పొడవునా ఒక్క మాట మీదే నిలబడింది: ముందు కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి), తర్వాత స్పార్క్, ఆ తర్వాత పెట్రోలు. ఈ మూడూ చూశాకే స్క్రూడ్రైవర్ తీయాలి.

కంప్రెషన్ ముందెందుకని కొందరు సభ్యులు అడిగారు. రింగులు అరిగినా, పిస్టన్ దెబ్బతిన్నా, హెడ్ గాస్కెట్ పోయినా కార్బురేటర్‌ని ఎంత శుభ్రం చేసినా ఉపయోగం ఉండదు. ఆ సంగతి మొదటే తెలిస్తే డబ్బూ, సమయమూ రెండూ మిగులుతాయి. ప్లగ్గులన్నీ విప్పి, వాటి వైర్లను ఎర్త్ చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ప్లగ్ రంధ్రంలో గేజ్ పెట్టి స్టార్టర్ తాడు లాగాలి. అంకె మోటారును బట్టి మారుతుంది. చూడాల్సింది సిలిండర్ల మధ్య తేడా. అది 10 శాతం దాటితే ఇంజన్ విప్పి చూడాల్సిందే.

స్పార్క్ చూసేటప్పుడు జాగ్రత్త చాలా ముఖ్యం. ప్లగ్ రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి బయటికి వస్తుంది. దాని పక్కనే నిప్పురవ్వ పుట్టించకూడదు. ఇక ఏ సిలిండర్ పని చేయడం లేదో పట్టుకోవడానికి, ఇంజన్ స్లోలో ఉండగా ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో ఒక్కో ప్లగ్ వైరు తీసి చూస్తాం. ఏ వైరు తీసినప్పుడు ఇంజన్ శబ్దంలో తేడా రాదో ఆ సిలిండరే పడుకున్నట్టు. తీసిన వైరును గాల్లో వదలకుండా ఇంజన్ బాడీకి ఎర్త్ చేయాలి, లేకపోతే కాయిల్, సీడీఐ (స్పార్క్ పుట్టించే ఎలక్ట్రానిక్ పెట్టె) దెబ్బతినవచ్చు. ప్లగ్ రంగు కూడా కథ చెబుతుంది. లేత గోధుమరంగు ఉంటే మంచిదే. నల్లగా, తడిగా ఉంటే ఆ సిలిండర్ సరిగ్గా మండడం లేదు, లేదా ఆయిల్ ఎక్కువైంది. తెల్లగా మాడినట్టుంటే మాత్రం మోటారును అక్కడికక్కడే ఆపేయండి. టూ-స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోలుతోనే లోపలికి వెళుతుంది. పెట్రోలు తగ్గిందంటే ఆయిల్ కూడా తగ్గినట్టే. పిస్టన్ కాలిపోవడానికి ఎక్కువసేపు పట్టదు.

మన దగ్గరికి వచ్చిన మోటార్లలో ఎక్కువ భాగం పెట్రోలు దారిలోనే ఇబ్బంది పడ్డాయి. వాటిలో ఒకటి సభ్యులందరికీ తెలియాలి. రెండు సిలిండర్ల మోటారు, స్లోలో హాయిగా తిరుగుతుంది, ఫుల్ రేస్ ఇస్తే కొద్ది నిమిషాల్లో నీరసించి ఆగిపోతుంది. కొత్త ప్లగ్గులు వేశారు, కార్బురేటర్ కడిగారు, గుణం లేదు. ఈసారి బోటు నడుస్తుండగా ఒక సభ్యుడు ప్రైమర్ బల్బు (పెట్రోలు గొట్టం మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు ఉండ) మీదే కన్నేసి కూర్చున్నారు. బల్బు మెల్లగా చప్పబడిపోవడం కనిపించింది. అంటే ట్యాంకు నుంచి బల్బు దాకా ఎక్కడో అడ్డు ఉంది. ట్యాంకు మూత మీది గాలి రంధ్రం తెరిచే ఉంది. ట్యాంకు వైపు గొట్టం కోసి చూస్తే, బయట కొత్తగా మెరుస్తున్నా లోపలి పొర ఊడి ముడుచుకుపోయి ఉంది. ఇంజన్ గట్టిగా లాగినప్పుడల్లా ఆ పొర దారిని మూసేస్తోంది. గొట్టం మార్చాక మోటారు ఎంతసేపు నడిపినా మళ్లీ ఆగలేదు.

బల్బు ఇంకో సంగతి కూడా చెబుతుంది. ఇంజన్ నీరసించినప్పుడు బల్బు నొక్కితే కోలుకుంటోందంటే పెట్రోలు పంపులోని డయాఫ్రం (పల్చటి పొర) మీద, లేదా గాలి లాగే జాయింట్ల మీద అనుమానపడాలి.

స్లోలో మాత్రమే సతాయించే మోటార్లకు కార్బురేటర్‌లోని స్లో జెట్ (స్లోలో పెట్రోలు అందించే సన్నటి రంధ్రం ఉన్న భాగం) చూడండి. నెలల తరబడి నిలవున్న పెట్రోలు జిగురుగా మారి ఆ సన్నటి రంధ్రాన్ని మూసేస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను కూడా పీలుస్తుంది, ఎక్కువైతే నీళ్లు వేరుపడి అడుక్కి చేరతాయి. జెట్‌ని తీగతో గుచ్చకండి, రంధ్రం పెద్దదవుతుంది. కార్బురేటర్ క్లీనర్, గాలి చాలు.

ఆయిల్ పాళ్ల మీద సర్వసభ్య సమావేశంలో గట్టి చర్చే జరిగింది. ఆయిల్ కాస్త ఎక్కువ పోస్తే ఇంజన్‌కి మంచిదని కొందరి నమ్మకం. 50:1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్. మాన్యువల్‌లో అలా రాసి ఉంటే అంతే పోయాలి, పాత మోటార్లకు, కొత్తగా కొని ఇంకా రన్నింగ్-ఇన్‌లో (మొదటి సర్దుబాటు గంటల్లో) ఉన్నవాటికి మాన్యువల్ వేరే పాళ్లు చెబితే అవే పాటించాలి. ఎక్కువ పోస్తే ప్లగ్గులు నల్లబడతాయి, పైగా ఆ మేరకు పెట్రోలు తగ్గుతుంది. టీసీ-డబ్ల్యూ3 (నీళ్లతో చల్లబడే టూ-స్ట్రోక్ బోటు మోటార్ల ఆయిల్ ప్రమాణం) అని రాసున్న ఆయిలే వాడండి. మోటార్‌సైకిళ్ల టూటీ (టూ-స్ట్రోక్) ఆయిల్ నీళ్లతో చల్లబడే ఇంజన్ కోసం చేసింది కాదు.

పరీక్ష పేరుతో కూడా నీళ్లు లేకుండా స్టార్ట్ చేయవద్దు. చల్లబరిచే నీళ్లను పంపే రబ్బరు ఇంపెల్లర్ కొద్ది సెకన్లలోనే పాడవుతుంది.

వచ్చే ఏడాది నుంచి కంప్రెషన్ గేజ్, స్పార్క్ టెస్టర్ సంఘం కార్యాలయంలో ఉంటాయి, సంతకం పెట్టి తీసుకెళ్లవచ్చు. ప్రతి మోటారుకూ రిజిస్టర్‌లో ఒక పేజీ కేటాయిస్తున్నాం. కంప్రెషన్ అంకెలు, ప్లగ్ నంబరు, ఇంపెల్లర్ మార్చిన తేదీ అందులో రాయించండి. శిబిరానికి వచ్చేటప్పుడు మోటారుతో పాటు మీరు రోజూ వాడే ట్యాంకు, గొట్టం, బల్బు కూడా తప్పకుండా తీసుకురావాలని మనవి.

కార్యదర్శి, కార్యవర్గం తరఫున