అమావాస్య రాత్రికి ఒక చోటు కావాలి

సంపాదకులకు నమస్కారం.

నేను బెంగళూరులో మారతహళ్లి వైపు ఉంటాను. సొంతూరు మదనపల్లె దగ్గర. నెలకోసారి, అమావాస్యకు దగ్గరగా వచ్చే శనివారం, నలుగురైదుగురం టెలిస్కోపులు కార్ల డిక్కీల్లో సర్దుకుని ఊరు దాటిపోతాం. ఎక్కడికి అని ఇంట్లో అడిగితే మాత్రం చెప్పలేకపోతున్నాం. ఈ ఉత్తరం రాయడం అందుకే.

చంద్రుడు, గురుడు, శని నగరంలో మేడ మీద నుంచి కూడా బాగానే కనిపిస్తాయి. పాలపుంత, నెబ్యులాలు (ఆకాశంలోని వాయువు, ధూళి మేఘాలు), దూరపు గెలాక్సీలు అలా కాదు. వాటి వెలుగే పలచన, అది వీధి దీపాల కాంతిలో కలిసిపోతుంది. పెద్ద టెలిస్కోపు కొనుక్కోవచ్చు కదా అంటారు. అది నెబ్యులా వెలుగుతో పాటు ఆకాశం మీది వెలుగునూ పోగుచేస్తుంది, కాబట్టి డబ్బు పెట్టినా తీరే సమస్య కాదిది. ఆకాశం ఎంత చీకటిగా ఉందో చెప్పడానికి జాన్ బోర్టల్ అనే అమెరికన్ పరిశీలకుడు 2001లో 1 నుంచి 9 వరకు మెట్లు పెట్టాడు. 1 అంటే అసలైన చీకటి, 9 అంటే మహానగరం నడిబొడ్డు. మాకు 1 అక్కర్లేదు. 3 గానీ 4 గానీ దొరికితే పండగే.

మా మొదటి చోటు చిక్కబళ్లాపురం దాటాక ఒక గుట్ట పక్కన ఉండేది. మూడేళ్లు బాగానే గడిచింది. ఓసారి వెళ్లేసరికి పక్క పొలాలు పెళ్లి పందిరిలా వెలిగిపోతున్నాయి. చామంతి తోటలు. రాత్రి పొడుగ్గా ఉంటేనే చామంతి మొగ్గ తొడుగుతుంది, అందుకని మొక్క ఏపుగా ఎదిగేదాకా రాత్రిళ్లు బల్బులు వెలిగించి దాన్ని మభ్యపెడతారు. రైతు బతుకుతెరువు అది, తప్పు పట్టను. రెండో చోటికి దగ్గర్లో లేఅవుట్ వచ్చి ఫ్లడ్‌లైట్లు పెట్టారు. పేరున్న కొండలకేమో సాయంత్రమే గేట్లు వేసేస్తారు. పలమనేరు వైపు పోదామంటే ఏనుగుల భయం.

అన్నిటికంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. అమావాస్య రాత్రి, ఊరి బయట గుట్ట, ముక్కూమొహం తెలియని మనుషులు, పొడుగాటి పెట్టెలు. మన సీమ పల్లెల్లో దీన్ని చూసి ఎవరైనా ఏమనుకుంటారు? గుప్తనిధుల తవ్వకం, లేదంటే క్షుద్రపూజ. నాలుగైదేళ్ల కిందట కార్తీకం చివర్లో హిందూపురం అవతల ఒక పెద్దాయన కట్టె పట్టుకుని వచ్చి, "ఏమప్పా, అమాస పూట ఈ గుట్టకాడ ఏం పని మీకు?" అన్నాడు. శని కనిపిస్తుంటే చూడమన్నాం. చూసి కాసేపు మాట్లాడలేదు. "గుళ్లో చూసినా గానీ, ఇట్ల కడియం ఏసుకుండేది చూడలే" అని, ఇంటికెళ్లి మనవరాలిని పిలుచుకొచ్చాడు. అన్నిసార్లూ అలా జరగదు. ఇంకోచోట పోలీసులు వచ్చి వీటికి లైసెన్సు ఉందా అని అడిగారు. టెలిస్కోపుకు లైసెన్సు ఉండదని ఒప్పించడానికి గంట పట్టింది. ఆ గంటలో వాళ్ల జీపు హెడ్‌లైట్లు మా మీదే ఉన్నాయి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు కావాలి. ఒక్కసారి లైటు పడిందా, మళ్లీ మొదటికొస్తుంది. పోలీసులనూ అనలేం, వాళ్ల డ్యూటీ వాళ్లది. మేం ఎవరమో, ఎందుకొచ్చామో చెప్పే కాగితం ఒక్కటి మా దగ్గర ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

చీకటి కోసం పరుగెత్తడం మాలాంటి వాళ్లతో మొదలైంది కాదు. హైదరాబాద్‌లో 1901లో పెట్టిన నిజామియా అబ్జర్వేటరీ వాళ్లు నగరం పెరిగాక పెద్ద టెలిస్కోపును 50 కిలోమీటర్ల అవతల రంగాపూర్‌లో పెట్టుకున్నారు. తర్వాత నగరం వెలుగు అక్కడికీ పాకింది. ఆ నిజామియాలో పనిచేసిన తండ్రి చేతికింద ఆకాశం చూస్తూ పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు 1960లలో మంచి చోటు వెతుక్కుంటూ తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరుకు చేరాడు. ఇప్పుడు ఆయన పేరుతో ఉన్న 2.34 మీటర్ల టెలిస్కోపు 1986 నుంచి అక్కడే పనిచేస్తోంది. సందర్శకులు వెళ్లి చూడొచ్చు గానీ, మన టెలిస్కోపు పెట్టుకుని తెల్లవార్లూ కూర్చునే చోటు కాదు అది.

అలా కూర్చునే చోటు లడఖ్‌లోని హన్లేలో ఉంది. 2022 డిసెంబరులో దాన్ని డార్క్ స్కై రిజర్వుగా, అంటే రాత్రి చీకటిని కాపాడే ప్రాంతంగా ప్రకటించారు. ఊళ్లో దీపాలకు పైన మూతలు పెట్టారు, కిటికీలకు తెరలు వేయించారు, స్థానిక యువకులకు టెలిస్కోపులిచ్చి పర్యాటకులకు ఆకాశం చూపించడం నేర్పారు. ఊరి ఇళ్లలో బస చేసేవాళ్ల వల్ల నాలుగు డబ్బులూ వస్తున్నాయి. దీని వెనకున్న భారత ఖగోళ భౌతిక సంస్థ ఎక్కడో లేదు, మా బెంగళూరు కోరమంగళలోనే ఉంది. హన్లేలోని రెండు మీటర్ల చంద్ర టెలిస్కోపును కూడా హోసకోట దగ్గర కూర్చుని నడుపుతారు. మహారాష్ట్రలో పెంచ్ పులుల అభయారణ్యానికి 2024 జనవరిలో డార్క్ స్కై పార్కు గుర్తింపు వచ్చింది. మనవైపు అలాంటిది ఒక్కటీ ఎందుకు ఉండకూడదు?

నేను అడిగేది అంత పెద్దది కూడా కాదు. హార్స్‌లీ కొండల కింద రెండెకరాల ఖాళీ నేల చాలు. బెంగళూరు నుంచి సుమారు 140 కిలోమీటర్లు. ఆ వైపే ఎందుకంటే, మన దక్షిణాదికి ఆకాశంలో ఒక వరం ఉంది. లండన్‌లో ఉన్నవాడికి ఎప్పటికీ కనిపించని త్రిశంకు నక్షత్రాలు, లక్షల నక్షత్రాల ముద్దలాంటి ఒమెగా సెంటారీ మనకు ఏప్రిల్, మే రాత్రుల్లో దక్షిణాన కనిపిస్తాయి, కాకపోతే బాగా కిందుగా. లేపాక్షి, గోరంట్ల వైపు వెళ్తే బెంగళూరు వెలుగు సరిగ్గా ఆ దక్షిణ దిక్కునే కప్పేస్తుంది. హార్స్‌లీ దగ్గర అది నైరుతికి తప్పుకుంటుంది. మదనపల్లె వెలుగు ఒక మూల ఉంటుంది, సర్దుకుంటాం. కొండ మీద వద్దు, అక్కడ రిసార్టుల దీపాలున్నాయి.

ముందే పేర్లు, ఆధార్ ఇస్తాం. స్థానిక పోలీసులకు కబురు ఉంటే చాలు. రుసుం కడతాం. ఒక మరుగుదొడ్డి, ఒక కాపలా మనిషి కావాలి. దీపం వద్దు, ఎర్ర టార్చీలు మేమే తెచ్చుకుంటాం. ఇదంతా రాసుకుని ఒక ఆఫీసుకు వెళ్తే ఇది మా శాఖ కాదన్నారు, రెండో ఆఫీసులో మొదటి ఆఫీసు పేరే చెప్పారు.

దీపాలు తీసేయమంటున్నామని కొందరు అపార్థం చేసుకుంటారు. ఆడపిల్లలు నడిచే దారిలో దీపం ఉండాల్సిందే. ఆ దీపం దారి మీద పడాలి, ఆకాశం మీద కాదు. పైన మూత ఉంటే చాలు. పాత పసుపు దీపాల చోట తెల్లటి ఎల్‌ఈడీలు వచ్చాక ఇంకా కష్టమైంది. వాటిలో నీలి కాంతి ఎక్కువ, అది గాలిలో ఎక్కువగా చెదురుతుంది. పగలు ఆకాశం నీలంగా కనిపించేది కూడా అందుకే. 2011 నుంచి 2022 దాకా పలు దేశాల్లో, ముఖ్యంగా యూరప్, అమెరికాల్లో, జనం తమ కంటికి కనిపించిన నక్షత్రాలను నమోదు చేస్తే, రాత్రి ఆకాశం వెలుగు ఏడాదికి సగటున 9.6 శాతం పెరుగుతోందని తేలింది. మా అవ్వ పిల్లలకోడి (కృత్తిక నక్షత్రాల గుంపు) ఎక్కడికొచ్చిందో చూసి తెల్లారడానికి ఎంతుందో చెప్పేది. బెంగళూరులో పుట్టిన మా పాపకు పిల్లలకోడి అంటే ఫోనులో వచ్చే కార్టూన్ పాట.

చార్లెస్ మెస్సియే అనే ఫ్రెంచి ఆయన 18వ శతాబ్దంలో మొదలుపెట్టిన జాబితాలో నెబ్యులాలు, నక్షత్రాల గుంపులు, గెలాక్సీలు లాంటివి 110 ఉన్నాయి. వాటన్నిటినీ ఒకే రాత్రిలో చూడాలని ప్రపంచమంతా పోటీపడేది మార్చి నెలాఖరు, ఏప్రిల్ మొదట్లో. చాలా ఏళ్లు అది మన ఉగాదికి ముందు వచ్చే కొత్త అమావాస్యతో కలుస్తుంది. వచ్చే కొత్త అమావాస్యకు ఎక్కడికి పోవాలో మాకింకా తేలలేదు. ప్రభుత్వం కదిలేలోపు, మీ పాఠకుల్లో ఎవరికైనా ఆ చుట్టుపక్కల టమాటా తీసేసిన పొలం ఉంటే ఆ రాత్రికి అద్దె ఇస్తాం. బోరు మోటారు దగ్గరి బల్బు మాత్రం ఆర్పాలి.

ఇట్లు
మీ పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు